శుక్రవారం మార్నింగ్ షోకి ఎనిమిది మంది: చిన్న సినిమా రిలీజ్‌లో వచ్చే చిక్కులు, దిద్దుకునే దారులు

పెద్ద బ్యానర్ అండ లేకుండా తెలుగులో సినిమా తీసినవాళ్లు ఎవరైనా నాకు ఫోన్ చేశారంటే చాలాసార్లు అది రిలీజ్‌కి పది రోజుల ముందే అవుతుంది. ఈ కింద రాసినవాటిలో సగం ఆ పది రోజుల్లో సరిచేయలేనివి, అందుకే ఎడిటింగ్ టేబుల్ మీద ఉన్నప్పుడే చదవమని నా మనవి. నేను రెండు చిన్న సినిమాల రిలీజ్ పనులు దగ్గరుండి చూశాను. మొదటిదాంట్లో గట్టిగా దెబ్బతిన్నాం. రెండోదానికి పెట్టిన రిలీజ్ ఖర్చు మొత్తం వెనక్కి వచ్చింది. కథలు రెండూ ఇంచుమించు ఒకే స్థాయివి, తేడా అంతా ఎన్ని స్క్రీన్లు తీసుకున్నాం అన్నదగ్గరే వచ్చింది. కాబట్టి ముందు ఆ సంగతే.

సమస్య: థియేటర్లు దొరికాయి, హాళ్లు ఖాళీ, శనివారానికే షోలు తీసేశారు

మొదటి సినిమాకి రెండు రాష్ట్రాల్లో కలిపి వంద పైచిలుకు స్క్రీన్లలో వేశాం. పేపర్ యాడ్‌లో థియేటర్ల జాబితా నిండుగా కనిపిస్తే మాకూ ధైర్యంగా అనిపించింది. శుక్రవారం మార్నింగ్ షోకి ఒక టౌన్‌లో ఎనిమిది మంది వచ్చారు.

కారణం లెక్కలో ఉంది. హైదరాబాద్‌లో 600 సీట్ల సింగిల్ స్క్రీన్ అనుకోండి, టికెట్ 177 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ 27 పోతే 150 మిగులుతుంది. షోకి 40 మంది చొప్పున నాలుగు షోలకి 160 మంది, రోజుకి 24,000. హాలు అద్దె వారానికి రెండు లక్షల పదివేలు అనుకుంటే రోజుకి 30,000. అంటే 160 మంది టికెట్ కొని చూసినా మీరే రోజుకి 6,000 ఎదురు కట్టాలి. దీన్నే డెఫిసిట్ అంటారు. దీనికి తోడు హాళ్లకి సినిమాని డిజిటల్‌గా అందించే క్యూబ్, యూఎఫ్ఓ లాంటి సంస్థలకి కట్టే చార్జీ స్క్రీన్‌కి ఇంతని ఉంటుంది, జనం వచ్చినా రాకపోయినా అది తప్పదు. ఆ చార్జీలు భరించలేకే 2018 మార్చి 2 నుంచి దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఇవ్వడం ఆపేశారు. వంద స్క్రీన్లు అంటే ఆ చార్జీ వందసార్లు.

ఇప్పుడు అదే 40 మందిని 150 సీట్ల మల్టీప్లెక్స్ స్క్రీన్‌లో, సాయంత్రం ఒక్క షోలో కూర్చోబెట్టండి. టికెట్ 295, జీఎస్టీ పోతే 250, మొత్తం 10,000. సగం సగం ఒప్పందం అయితే మీ వాటా 5,000. పైగా అక్కడ 40 మంది కూర్చుంటే హాలు ఖాళీగా కనిపించదు, నవ్వే చోట నవ్వు వినిపిస్తుంది. 600 సీట్లలో ఆ 40 మంది ఒకరికొకరు దూరంగా కూర్చుని, సినిమా బాగున్నా కూడా ఫ్లాప్ సినిమాకి వచ్చామన్న అనుమానంతోనే బయటికి వెళ్తారు. ఆ అనుమానమే ఫోన్లలో మౌత్ టాక్ అవుతుంది.

పరిష్కారం: మొదటి వారం పాతిక ముప్పై స్క్రీన్లు చాలు. మీ సినిమా ఎవరికోసమో వాళ్లుండే చోట్లు రాసుకోండి. కాలేజీ కుర్రాళ్ల కథ అయితే కూకట్‌పల్లి, విజయవాడ, వైజాగ్, తిరుపతి. ఉత్తరాంధ్ర యాసలో తీసిన కథ అయితే శ్రీకాకుళం, విజయనగరం ముందు రావాలి. ఒక్కో చోట నాలుగు షోలు అడగకుండా మ్యాట్నీ తర్వాత పడే రెండు షోలు అడగండి. ముందు అద్దె కట్టమంటే పర్సంటేజీ మీద, అంటే వచ్చినదాంట్లో వాటా మీద వేయమని గట్టిగా అడగండి, ఇందులో మొహమాటపడాల్సిన పనిలేదు, 2025 మే నెలలో ఎగ్జిబిటర్లే అద్దె వద్దు పర్సంటేజీ కావాలని జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామనేదాకా వెళ్లారు.

ఇప్పటికే రిలీజైపోయి ఈ పరిస్థితిలో ఉంటే శుక్రవారం ఫస్ట్ షో లెక్క రాగానే డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడండి. ఒకే ఊళ్లో మూడు హాళ్లుంటే ఒక్కటే ఉంచమనండి. రాత్రి పదిన్నర షో ఇచ్చి ఊరుకుంటే దాని బదులు ఏడు గంటలది అడగండి. పైవారం షోలు మల్టీప్లెక్సులు వారం మధ్యలోనే తేల్చేస్తాయి, అంతలోపు అంకె మెరుగుపడాలంటే సోమవారం దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

సమస్య: ట్రైలర్‌కి పది లక్షల వ్యూస్, టికెట్లు మాత్రం తెగట్లేదు

ఆ పది లక్షల్లో ఎన్ని యాడ్ ద్వారా వచ్చాయో యూట్యూబ్ స్టూడియోలో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ట్రాఫిక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి, జియోగ్రఫీ చూడండి, సగటున ఎన్ని సెకన్లు చూశారో చూడండి. మాకు డిజిటల్ ప్రమోషన్ చేసిన ఒక టీమ్ వారంలోనే అంకె చూపించింది, మేమూ పోస్టర్ వేసుకున్నాం. తీరా లోపల చూస్తే చాలా వ్యూస్ తెలుగు రాని రాష్ట్రాలవి, ఎక్కువమంది పది సెకన్ల లోపే వెళ్లిపోయారు. రెండు నిమిషాల ట్రైలర్‌కి కామెంట్లు నలభై.

సరిచేయాలంటే యాడ్ డబ్బుని సినిమా ఆడే ఊళ్లకే పరిమితం చేయండి, ఆ ఊళ్ల పేర్లు పెట్టి టార్గెట్ చేసే వీలు యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఉంది. బుక్‌మైషోలో పేజీ ముందే తెరిపించి అక్కడ 'ఇంట్రెస్టెడ్' నొక్కినవాళ్ల సంఖ్య రోజూ రాసుకోండి, నా లెక్కలో వ్యూస్ కన్నా అదే నమ్మదగిన అంకె. ఇంకొకటి, ట్రైలర్ కింద టికెట్ లింక్ లేకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. బుకింగ్స్ గురువారం సాయంత్రం తెరిచే పరిస్థితి ఉన్నప్పుడు పబ్లిసిటీ డబ్బంతా సోమవారమే అయిపోగొడితే, చూడాలనుకున్నవాడికి టికెట్ దొరకదు, దొరికే రోజుకి అతను మర్చిపోతాడు.

ప్రీ రిలీజ్ ఈవెంట్ గురించి చాలామంది అడుగుతారు. పేరున్న అతిథి వస్తే ఆ రాత్రి న్యూస్ అతిథి గురించి వస్తుంది. ఆ ఖర్చుతో రెండు మూడు ఊళ్లలో ముందురోజు పెయిడ్ ప్రీమియర్లు వేసుకోవడం మేలు, మీ సినిమా మీద మీకు నమ్మకం ఉంటేనే సుమా. ఆ నమ్మకం నిజమో కాదో తెలియాలంటే నెల ముందు మీకు పరిచయం లేని ముప్పై మందికి ఫస్ట్ కాపీ చూపించి, స్క్రీన్ వైపు కాకుండా వాళ్లవైపు తిరిగి కూర్చోండి. ఎక్కడ ఫోన్లు బయటికి తీశారో అక్కడ కత్తెర పడాలి.

సమస్య: కొనడానికి బయ్యర్ రావట్లేదు

నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలవారీగా అమ్ముడుపోవడం తెలిసిన మొహాలున్న సినిమాకి జరుగుతుంది. ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అంటే ఆ ఏరియాలో నష్టం వస్తే బయ్యర్‌దే. ఎన్‌ఆర్‌ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) అంటే ఇచ్చిన అడ్వాన్స్ రాకపోయినా మిమ్మల్ని తిరిగి అడగరు, అంతకన్నా ఎక్కువ వస్తే ఆ పైది మీది. మామూలు అడ్వాన్స్ అయితే తగ్గినంత మీరు వెనక్కివ్వాలి. కొత్తవాళ్ల సినిమాకి నిజంగా దొరికేది వీటికి కింద ఉండే కమీషన్ బేసిస్: మీ ఖర్చు, మీ రిస్క్, వాళ్లు హాళ్లు చూసిపెట్టి షేర్‌లో, అంటే పన్ను, హాలు ఖర్చు పోగా మిగిలినదాంట్లో కమీషన్ తీసుకుంటారు. దీన్ని అవమానంగా తీసుకోకండి. ఒప్పందంలో మాత్రం రోజువారీ కలెక్షన్ రిపోర్ట్, అంటే డీసీఆర్, మీకు నేరుగా రావాలని, పబ్లిసిటీ పేరుతో కోసే మొత్తానికి మీ రాతపూర్వక అనుమతి కావాలని, లెక్క ఏ తేదీకి తేల్చాలో అని రాయించుకోండి. మాకు మొదటి సినిమా లెక్క చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, ఎందుకంటే మా కాగితంలో తేదీ లేదు.

బయ్యర్‌కి ట్రైలర్ చూపించి అడగడం కన్నా సినిమా మొత్తం చూపించడం మంచిది. 2018 సెప్టెంబర్ 7న వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో స్టార్ ఎవరూ లేరు, ఆ ఊరి మనుషులే నటులు, డైరెక్టర్‌కి అదే మొదటి సినిమా. సురేష్ ప్రొడక్షన్స్ దాన్ని ముందుకు తీసుకెళ్లిందంటే సినిమా చూసే.

సమస్య: డేట్ ప్రకటించాక సెన్సార్ దగ్గర ఆగింది

ఎక్కువగా రెండు కారణాలు. సినిమాలో కుక్కో, ఎద్దో, కోడో కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు కాగితం కావాలి, దాని ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది, షూటింగ్‌కి ముందే అనుమతి తీసుకోవాల్సింది తర్వాత గుర్తొస్తే వారాలు పడుతుంది. రెండోది సిగరెట్, బీడీ సీన్లు: మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత హెచ్చరిక స్పాట్లు, సీన్ నడుస్తున్నప్పుడు కింద అక్షరాలు లేకపోతే వెనక్కి పంపుతారు. థియేటర్‌లో వేసే ట్రైలర్‌కి కూడా విడిగా సర్టిఫికెట్ కావాలని మర్చిపోకండి. 2024 రూల్స్ వచ్చాక, పిల్లలు పెద్దల సలహాతో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి, ఫ్యామిలీ సినిమా అని పోస్టర్ వేసుకుని 16 ప్లస్ వస్తే ప్రచారం మొత్తం మార్చుకోవాలి. అందుకని నా పద్ధతి ఒకటే, సర్టిఫికెట్ చేతికి వచ్చాకే డేట్ పోస్టర్.

సమస్య: మొదటి షో మొదలవలేదు

డీసీపీ, అంటే సినిమా ఉన్న డిజిటల్ ఫైలు, హాలుకి చేరింది కానీ దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి కేడీఎం చేరలేదు, లేదా ఆ హాల్లో సర్వర్ మార్చారు, కేడీఎం పాత సర్వర్ నంబర్‌కి చేశారు. కేడీఎం ఒక సర్వర్‌కి, ఒక సమయానికి మాత్రమే పనిచేస్తుంది. గురువారం మధ్యాహ్నానికల్లా ప్రతి హాలు ఆపరేటర్‌కీ ఫోన్ చేసి ఐదు నిమిషాలు ప్లే చేసి చూశారా అని అడగండి. ముప్పై హాళ్లయితే ముప్పై ఫోన్లు, ఒక మనిషికి ఒక పూట పని. మాటలు వినపడట్లేదని కంప్లయింట్ వస్తే సౌండ్ లెవెల్ ఎంతలో పెట్టారో కూడా అదే ఫోన్‌లో కనుక్కోండి, చాలా హాళ్లలో మిక్సింగ్ స్టూడియోలో ఉన్నదానికన్నా బాగా తగ్గించే నడుపుతారు.

సమస్య: అమెరికాలో వేశాం, ఏమీ మిగల్లేదు

డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా దాటి స్క్రీన్లు వేయకండి. అక్కడ గురువారం సాయంత్రం ప్రీమియర్ అంటే మనకి శుక్రవారం ఉదయం, అంటే మొదటి టాక్ అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మనిషి చేత రాయించండి, అక్కడ పుట్టిన పిల్లలు వాటితోనే సినిమా చూస్తారు.

సమస్య: ఓటీటీ వాళ్లు ముందు రిలీజ్ చేసి రమ్మంటున్నారు

ఇప్పుడు చిన్న సినిమాకి థియేటర్లో ఎలా ఆడిందో చూసి రేటు చెప్పడం మామూలైంది. కాబట్టి ఓటీటీ డబ్బు వస్తుందని దాన్ని చూపించి వడ్డీకి తెచ్చి రిలీజ్ చేయకండి. అది రాకపోయినా తట్టుకునేంతే ఖర్చు పెట్టండి, రిలీజ్ డబ్బుని షూటింగ్ మొదటిరోజే విడి అకౌంట్‌లో వేసి పెట్టండి.

రేటు కుదిరాక కూడా డీల్ ఆగే చోటు ఒకటుంది, కాగితాలు. రచయిత, సంగీత దర్శకుడు, ముఖ్య నటులు హక్కులు రాసిచ్చిన సంతకాలు లేకపోతే ఎవరూ ముందుకు రారు. పాటలు ఆడియో కంపెనీకి ఇచ్చేటప్పుడు మీ సొంత ఛానల్‌లో ట్రైలర్ వేసుకునే హక్కు మీ దగ్గరే ఉంచుకోకపోతే మీ ట్రైలర్ మీదే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. ఇంకా, డైలాగులు లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉండే ఎం అండ్ ఈ ట్రాక్ లేకపోతే హిందీ డబ్బింగ్ హక్కులు అమ్మలేరు. మిక్సింగ్ పూర్తయిన రోజే దాన్ని అడిగి తీసుకుని రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఇళ్లలో పెట్టండి. మేం అడగలేదు, ఆరు నెలల తర్వాత కొనేవాళ్లు వచ్చేసరికి స్టూడియోలో ఆ సెషన్ తీసేశారు, మళ్లీ మొదటి రీలు నుంచి ఎఫెక్ట్స్ చేయించాల్సి వచ్చింది.