తమిళ ‘ఴ’ పలకలేకపోతున్నారా? ముందు చెవిని పరీక్షించండి

నెల్లూరు, గూడూరు, కావలి నుంచి చదువుకో ఉద్యోగానికో చెన్నై వెళ్ళేవారికి తమిళం త్వరగానే అబ్బుతుంది. ఒక్క ధ్వని మాత్రం ఏళ్ళు గడిచినా పట్టుబడదు: ‘తమిఴ్’ అనే పేరు చివర ఉన్న ‘ఴ’. మనం దాన్ని ‘ళ’ చేసేస్తాం, నాలుక తిరగడం లేదంటాం. చాలామందిలో లోపం మొదలయ్యేది చెవిలో.

తేల్చుకోవడం సులువు. తమిళంలో ‘కిళి’ అంటే చిలుక, ‘కిఴి’ అంటే చింపు. ఈ రెండు మాటలనూ కలగాపులగంగా ఇరవై సార్లు పలకమని తమిళ మిత్రుణ్ణి అడగండి. ఆయన ముఖం చూడకుండా, విన్నది రాయండి. తమిళుల్లోనూ ‘ఴ’ను ‘ళ’గా పలికేవారు చాలామంది ఉన్నారు కాబట్టి మిత్రుణ్ణి చూసి ఎంచుకోండి.

సమస్య 1: సగానికి సగం తప్పులు వచ్చాయి.

కారణం: చెవి చిన్నప్పుడే మాతృభాషకు అలవాటుపడిపోతుంది. 1984లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని 6–8 నెలల శిశువులు హిందీ ‘త’, ‘ట’ల తేడాను పసిగట్టారు. ఏడాది దగ్గరపడిన పిల్లల్లో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. మనకు అతి తేలికైన తేడా అది! ‘ఴ’ విషయంలో మన పరిస్థితి అదే.

పరిష్కారం: ఆడ, మగ, పెద్ద, చిన్న, వేర్వేరు గొంతుల్లో ఇలాంటి జంట మాటలు వినండి. ప్రతిసారీ ఊహించి, తప్పో ఒప్పో వెంటనే తెలుసుకోండి. ఇంగ్లీషు ‘ర’, ‘ల’లను వేరుచేయలేని జపాన్ వారికి ఇలాగే కేవలం వినికిడి శిక్షణ ఇస్తే, వారి ఉచ్చారణ కూడా మెరుగుపడిందని 1997లో తేలింది. అందరిలో ఒకే మేరకు కాదు, కానీ మెరుగుపడింది. అద్దం ముందు నాలుక తిప్పించడంతో మొదలయ్యే పాఠాలు నాకు నచ్చనిది ఇందుకే. తేడా వినపడనివారికి తాము పలికింది సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

సమస్య 2: తేడా వినిపిస్తోంది, నోట మాత్రం ‘ళ’ వస్తోంది.

కారణం: ‘ళ’కు నాలుక కొన అంగిలిని తాకుతుంది. ‘ఴ’కు వెనక్కి మడిచిన కొన అంగిలి దగ్గరదాకా వెళ్ళి, తాకకుండా ఆగాలి.

పరిష్కారం: తాకనీయకుండా ఊపిరి ఉన్నంతసేపు సాగదీయండి. ఫోనులో రికార్డు చేసి మిత్రుడి గొంతు పక్కన పెట్టి వినండి.

సమస్య 3: విడిగా వస్తోంది, మాటల్లో జారిపోతోంది.

కారణం: ఏ మాటలో ‘ఴ’ ఉందో గుర్తులేకపోవడం.

పరిష్కారం: తెలుగునే ఆసరా చేసుకోండి. ప్రాచీన తెలుగు శాసనాల్లో ఈ అక్షరం మనకూ ఉండేది. తర్వాత చాలా మాటల్లో ‘డ’లో కలిసిపోయింది. మన ఏడు వారి ‘ఏఴు’, మన కోడి వారి ‘కోఴి’. ఇలాంటి జతలు కనిపించినప్పుడల్లా రాసిపెట్టుకుని, వాటితోనే చిన్న వాక్యాలు అల్లి బిగ్గరగా పలకండి.