వాతావరణ శాస్త్రం డిగ్రీతో ఎటు వెళ్లొచ్చు, ఏం చూపించాలి

ఉద్యోగాల సైట్లలో 'మెటీరియాలజిస్ట్' అని కొడితే వచ్చే ఖాళీలు కొన్నే. అదే చదువు అక్కరకొచ్చే పనులు వేరే పేర్లతో ఉంటాయి: విండ్ రిసోర్స్ అనలిస్ట్, క్యాటస్ట్రఫీ మోడలర్ (బీమా సంస్థల కోసం విపత్తు నష్టాలను అంచనా కట్టేవారు), ఎయిర్ క్వాలిటీ కన్సల్టెంట్, క్లైమేట్ రిస్క్ అనలిస్ట్. ముందు ఆ పేర్లతో వెతకండి.

ఫోర్‌కాస్టర్‌గానే చేరాలనుకుంటే మీ మార్కుల జాబితాను దగ్గర పెట్టుకోండి. ప్రపంచ వాతావరణ సంస్థ మెటీరియాలజిస్టులకు కనీసం ఏమేం వచ్చి ఉండాలో బీఐపీ-ఎం పేరుతో నిర్దేశించింది. విమానయాన ఫోర్‌కాస్టర్లకు అది తప్పనిసరి. డైనమిక్స్ (గాలి కదలికల భౌతికశాస్త్రం), సినాప్టిక్ (వాతావరణ పటాల విశ్లేషణ) సబ్జెక్టులు లేకపోతే అక్కడే ఆగిపోతారు. రసాయన శాస్త్రం వైపు మొగ్గినవాళ్లకు ఈ లోటు ఎక్కువ. దరఖాస్తు చేశాక కాదు, కోర్సులు ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

రెజ్యూమెలో 'ప్రోగ్రామింగ్ వచ్చు' అన్న మాటకన్నా చేసి చూపిన ఒక్క చిన్న ప్రాజెక్టు నయం. పవన విద్యుత్తునే తీసుకోండి. ఈఆర్‌ఏ5 రీఅనాలిసిస్, అంటే పాత కొలతలనూ మోడల్‌నూ కలిపి తిరిగి కట్టిన గత వాతావరణ డేటా, ఉచితం. 1940 నుంచి గంటగంటకూ, 100 మీటర్ల ఎత్తు గాలితో సహా దొరుకుతుంది. ఒక చోటి గాలి డేటాను పైథాన్‌లో ఎక్స్‌అర్రే లైబ్రరీతో తెరిచి, దగ్గర్లోని కొలతలతో పోల్చి, తేడాను సరిదిద్ది, టర్బైన్ పవర్ కర్వ్ (ఏ గాలి వేగానికి ఎంత విద్యుత్తో చూపే గీత) మీదుగా ఉత్పత్తి లెక్కకట్టండి. ఈఆర్‌ఏ5లో ఒక్కో గ్రిడ్ గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు కాబట్టి కొండల దగ్గర తేడా పెద్దగానే వస్తుంది. అది ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో రాయడమే ఈ ప్రాజెక్టులో అసలు విలువైన భాగం.

ఇక్కడే చాలామంది సగటు వేగంతో లెక్క కట్టేసి తప్పులో కాలేస్తారు. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. సగం సమయం సెకనుకు 4 మీటర్లు, మిగతా సగం 8 మీటర్లు వీస్తే సగటు 6, దాని ఘనం 216. కానీ 64, 512ల సగటు 288. అంటే పావు వంతు శక్తి లెక్కలోనే మాయమైపోయింది. గాలి దిశదీ ఇదే తంతు: 350, 10 డిగ్రీలను నేరుగా సగటు చేస్తే ఉత్తరపు గాలి దక్షిణపు గాలై కూర్చుంటుంది. యు (తూర్పు-పడమర), వి (ఉత్తర-దక్షిణ) భాగాలను విడిగా సగటు చేయాలి. ఈఆర్‌ఏ5లో టైమ్ యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక) ఉందని, వర్షపాతం మీటర్లలో ఉందని మరిచిపోవడం కూడా మామూలే.

బీమా సంస్థలు చూసేది సంభావ్యతను. 'వందేళ్లకోసారి వచ్చే వరద' అంటే ఏటా 1 శాతం అవకాశం. 30 ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి అది దాదాపు 26 శాతమవుతుంది. ఈ లెక్కను వాతావరణం తెలియని మేనేజర్‌కు ఒక్క నిమిషంలో చెప్పగలిగితే ఇంటర్వ్యూ సగం గట్టెక్కినట్టే. వాయు కాలుష్యం పనుల్లో ఏర్‌మాడ్ వంటి డిస్పర్షన్ మోడళ్లు, అంటే పొగ గాలిలో ఎలా వ్యాపిస్తుందో లెక్కకట్టేవి, వాడతారు. వాటిని నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. రాత్రి నేలకు దగ్గరి గాలి పొర స్థిరపడి పొగ కిందే చిక్కుకుపోతే ఫలితం ఎందుకు అలా వచ్చిందో చెప్పడానికి మాత్రం ఆ పొర గురించి, అంటే బౌండరీ లేయర్, చదివినవాళ్లే కావాలి.

రెజ్యూమెలో 'డబ్ల్యూఆర్‌ఎఫ్ నడిపాను' అని వదిలేయకండి, ఆ వాతావరణ మోడల్ పేరు ఆ రంగం బయట ఎవరికీ తెలియదు. లైనక్స్ సర్వర్ మీద ఎన్ని గిగాబైట్ల డేటాతో పనిచేశారో, ఏ పనిని స్క్రిప్టుతో ఆటోమేట్ చేశారో, ఫలితాన్ని దేనితో సరిచూశారో రాయండి. ఏ అంచనా చూపినా దాని పక్కన పర్సిస్టెన్స్, అంటే 'నిన్నటిలాగే ఇవాళ' అన్న అంచనా, ఎంత తప్పిందో పెట్టండి. మీ మోడల్ దాన్ని కూడా దాటకపోతే ఆ గ్రాఫును రెజ్యూమెకు జత చేయకండి.