తెల్లబట్ట అయితే ముందు రంగు, వాసన చూడండి

తెల్లబట్ట అయితే బొక్కలు కరిగి పోతున్నయని మన ఊళ్లల్లో చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నెలసరికి నడుమ రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతూ, వాసన లేకుండా వచ్చేది సహజమే.

విరిగిన పాల ముక్కల్లా గడ్డలుగా వచ్చి, విపరీతమైన దురద ఉంటే చాలావరకు ఫంగస్. దీనికి క్లోట్రిమజోల్ 500 మి.గ్రా. బిళ్ల ఒక్కటి, రాత్రి పడుకునేముందు యోని లోపల పెట్టుకోవాలి, మింగేది కాదు. గర్భిణులు ఫంగస్‌కే ఇచ్చే ఫ్లూకోనజోల్ బిళ్ల మింగొద్దు. పల్చగా, బూడిదరంగులో, చేపవాసనతో వస్తే బ్యాక్టీరియా తేడా. అప్పుడు డాక్టర్ సాధారణంగా మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాస్తారు. మూడోరోజుకు వాసన తగ్గిందని ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పసుపుపచ్చగా, నురగగా ఉంటే భర్తకూ మందు వేయాల్సిందే. ఇది చెప్పుకోవడానికే సిగ్గుపడి ఏళ్లకేళ్లు బాధపడతారు, నాకు అదే బాధ.

సబ్బు, డెటాల్‌తో లోపల కడగొద్దు. లోపల ఉండే మేలుచేసే బ్యాక్టీరియా (లాక్టోబాసిల్లస్) చచ్చి, పుల్లదనం పోయి, రోగం ముదురుతుంది. వరినాట్ల నుంచి రాగానే తడిబట్టలు మార్చి, నూలు లోదుస్తులు ఎండలో ఆరేయండి. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము దురదను అణచిపెడుతుంది, జబ్బు అట్లనే ఉంటది.

తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి, గర్భం, కాన్పు లేదా అబార్షన్ తర్వాత చెడువాసన, ముట్లుడిగాక రక్తపు చారలు: వీటిల్లో ఏ ఒక్కటున్నా అదేరోజు దవాఖానకు పోవాలి. నల్లగొండ, పాలమూరు వైపు వాళ్లు సర్కారు పెద్దదవాఖానలో ఇట్లాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి, పరీక్షలూ మందులూ ఉచితమే.