సావిత్రి జయంతికి మాట్లాడబోయే పిల్లలకి

డిసెంబరు 6 దగ్గర పడుతోందంటే మా బెజవాడ సత్యనారాయణపురంలో ఎవరో ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని ఇంటికొస్తుంది. "టీచర్ గారూ, సావిత్రి మీద పది నిమిషాలు మాట్లాడాలి, కాస్త దిద్దిపెట్టండి" అంటుంది. తీరా చూస్తే మొదటి పేజీలో ఆవిడ మొగుడు జెమినీ గణేశన్, రెండో పేజీలో తాగుడు, మూడో పేజీలో ఆస్పత్రి. నటన ఎక్కడమ్మా అంటే తల దించుకుంటుంది. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఒక తెల్లకాగితానికి నిలువునా మధ్యలో గీత గీయండి. ఎడమవైపు సినిమాలు, కుడివైపు ఇంటి సంగతులు, ఏడాదికి ఏడాది ఎదురెదురుగా. 1950 'సంసారం'లో చేతికొచ్చిన పెద్ద వేషం జారిపోయి చిన్న పాత్ర మిగిలింది. 1951 'పాతాళభైరవి'లో ఒక పాటకి డాన్సు. 1952 'పెళ్ళిచేసిచూడు'. అదే ఏడు కుడివైపు గణేశన్‌తో గుట్టుగా పెళ్లి, అప్పటికే ఆయన సంసారి. 1953 'దేవదాసు'. ఇక్కడ ఆగి మళ్లీ చదవండి. 'దేవదాసు'లో పార్వతి, 'మిస్సమ్మ'లో మేరీ, 'మాయాబజార్'లో శశిరేఖ ముగ్గురూ ఆ పెళ్లి తరవాత వచ్చినవాళ్లే. ప్రేమలో పడి పాడైపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ కాగితం ఒప్పుకోదు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో సినిమా పాటల పుస్తకాలు దొరికితే వదలొద్దు. నటీనటుల పేర్లలో ఆవిడ పేరు ఎన్నో వరుసలో ఉందో చూడండి. ఏడాదికేడాది ఆ పేరు పైకి రావడం మీకే తెలుస్తుంది.

ఇక అసలు పని. 1955లో విజయా సంస్థవారు 'మిస్సమ్మ'ని తెలుగులో, తమిళంలో కలిపి తీశారు. దర్శకుడు ఎల్.వి. ప్రసాదే, కెమెరా మార్కస్ బార్ట్‌లీదే. మొదట భానుమతి అనుకున్న వేషం సావిత్రికి వచ్చింది, సావిత్రి వెయ్యాల్సింది మన దుగ్గిరాలలో పెరిగిన జమునకి వెళ్లింది. తెలుగులో మేరీ పోట్లాడేది రామారావుతో, తమిళంలో గణేశన్‌తో, అంటే సొంత మొగుడితో! ఒకే సీను రెండు భాషల్లోనూ సౌండు తీసేసి చూడండి. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇద్దరి మీదా విసుగు ఒక్కలాగే ఉంటుంది, అది మేరీ విసుగు. 'మాయాబజార్' (1957) కూడా ఇలాగే చూడండి, తమిళ అభిమన్యుడు గణేశనే.

బెజవాడలో శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి గారి దగ్గర డాన్సు నేర్చుకున్న సంగతి తప్పకుండా చెప్పండి. మన ఊళ్లో మాట్లాడుతూ అది మరిచిపోతే ఎలా?

1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం చేసింది, దానికో నిమిషం ఇవ్వండి. అప్పులు, జబ్బు, 1981 డిసెంబరు 26న పోవడం, ఇవి దాచొద్దు, రెండు వాక్యాల్లో చెప్పి దాటండి. మిగిలిన టైము 'మాయాబజార్'లో ఘటోత్కచుడు వేషం మార్చుకొచ్చిన మాయాశశిరేఖకి ఇవ్వండి. ఆ నడక, ఆ చూపు మైకు ముందు మీరే చేసి చూపించండి.