‘యెంటె’ అనే యిడ్డిష్ పేరుకు మూలం వెతకడం ఎలా

తిరుచానూరు అమ్మవారి పేరు పెట్టుకున్న మా అవ్వ అలమేలమ్మను చిన్నతనంలో పేరుకు అర్థం అడిగితే, ‘అల’ అంటే కెరటమనీ ‘మేలు’ అంటే మంచి అనీ తనకు తోచినట్టు విడదీసి చెప్పేది. అది తమిళం నుంచి వచ్చిన పేరనీ, ‘అలర్’ అంటే పువ్వు, ‘మేల్’ అంటే మీద, ‘మంగై’ అంటే స్త్రీ అనీ తెలిసిన తరువాత పద్మసరోవరం గట్టున నిలబడినప్పుడే, పువ్వు మీద కొలువైన తల్లి ఆ పేరులో నాకు కనిపించింది. పేరును పలికే భాషలోనే దానికి అర్థం దొరుకుతుందని అనుకోకూడదు. యూదు స్త్రీల పేరైన ‘యెంటె’ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ముందుగా పేరును సొంత లిపిలో చూడాలి. తూర్పు ఐరోపా యూదులు మాట్లాడుతూ వచ్చిన భాష యిడ్డిష్‌ను హీబ్రూ అక్షరాలతో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఈ పేరులోని ఐదు అక్షరాలలో రెండవదీ చివరిదీ ‘అయిన్’. హీబ్రూలో హల్లుగా లెక్కించే ఈ అక్షరాన్ని యిడ్డిష్‌లో ‘ఎ’ అచ్చుకు వాడతారు కనుక, ‘యెంటా’ అని కాక ‘యెంటె’ అని రాయడమే సరైనది.

తరువాత పేరు ఏ భాష నుంచి చేరిందో విచారించాలి. యిడ్డిష్‌కు జర్మన్ పునాది అయినా అందులో హీబ్రూ, అరామిక్, స్లావిక్ మాటలతో పాటు లాటిన్ సంతతి భాషల మాటలూ కొన్ని ఉన్నాయి. ‘గోల్డె’ జర్మన్ వైపు నుంచి, ‘జ్లాటె’ స్లావిక్ వైపు నుంచి వచ్చినా రెండింటికీ బంగారమనే అర్థం. ఇవి మన బంగారమ్మలే. ‘యెంటె’ మాత్రం ‘యెంట్ల్’ అనే పేరుకు మరో రూపమనీ, దానికి మూలం కులీనత, సౌమ్యత తెలిపే ఇటాలియన్ మాట ‘జెంటీలె’ అనీ చెబుతారు. యిడ్డిష్ ముద్దుపేర్లు ‘ల్’తో ముగుస్తాయి కాబట్టి ‘యెంట్ల్’ కూడా అలాంటిదే అనిపిస్తుంది గానీ, ‘జెంటీలె’లోని లకారాన్ని గమనిస్తే మూలానికి దగ్గరగా ఉన్నది ఆ రూపమేనని తెలుస్తుంది.

చివరగా పేరును, దాని నుంచి పుట్టిన మాటను వేరు చేయాలి. 1920లు, 30లలో న్యూయార్క్ యిడ్డిష్ పత్రిక ‘ఫోర్వెర్ట్స్’లో బి. కోవ్నర్ అనే కలంపేరుతో జేకబ్ ఆడ్లర్ రాసిన హాస్య రచనలలో మొగుణ్ని సాధించే ఇల్లాలు యెంటె తెలెబెండె ఎంతో పేరు పొందింది. ఊళ్లో సంగతులన్నీ తనకే కావాలనుకునే ఆడమనిషికి అమెరికాలో ఆ పేరే మాటగా స్థిరపడింది. కొందరు దీనికి పెళ్లిళ్లు కుదిర్చే స్త్రీ అని అర్థం చెబుతారు, అది పొరపాటు. యిడ్డిష్‌లో పెళ్లిళ్ల పేరయ్యను ‘షద్ఖెన్’ అంటారు.

అందువల్ల అర్థం రాసుకునేటప్పుడు ‘కులీనురాలు, సౌమ్యురాలు’ అని మొదట రాసి, ఎగతాళి అర్థాన్ని కాలంతో సహా దాని కింద విడిగా చేర్చాలి. తరతరాలుగా ఆడపిల్లలకు ప్రేమతో పెట్టుకున్న పేరుకు ఆ మాత్రం న్యాయం చేయడం మన బాధ్యత.