ఆంటీ అనకుండా మర్యాదగా పిలవడం ఎలా, ఎవరైనా అనేస్తే ఏం చేయాలి

నాకు 42 ఏళ్ళు. జుట్టు తొందరగా నెరిసింది, రంగు వేయను. ఉద్యోగం పేరు చెప్పి రెండు రాష్ట్రాల్లో బస్సులెక్కి దిగుతుంటాను. ఒకసారి రాజమండ్రిలో బస్సెక్కితే కాలేజీ కుర్రాడొకడు "ఆంటీగారూ, కొంచెం జరుగుతారాండి" అన్నాడు. వారం తిరక్కుండా కరీంనగర్ బస్సులో సరిగ్గా ఆ వయసువాడే ఇంకొకడు "అక్కా, జర జరుగు" అన్నాడు. మొదటివాడి మాటలో గారు ఉంది, అండి ఉంది, అడిగే పద్ధతి ఉంది, అయినా నేను దిగేదాకా మొహం ముడుచుకునే కూర్చున్నా. రెండోవాడు ఏకవచనంలో జరుగు అనేశాడు, నాకేమో సాయంత్రం దాకా హుషారు.

తర్వాత ఆలోచిస్తే తేలింది ఏంటంటే, మన భాషలో మర్యాద ఒక్కచోట ఉండదు. కోస్తాలో అది ఎక్కువగా క్రియ చివర ఉంటుంది, రండి, చెప్పండి, లేదండి అని. తెలంగాణలో వరస కలపడంలో ఉంటుంది, అన్నా, అక్కా అని పిలిచాక నువ్వు అన్నా తప్పు కాదు. వయసు అంటుకునేది వరసకే, క్రియకి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కొత్త ఊళ్ళో సగం టెన్షన్ పోతుంది.

కాబట్టి కొత్తచోట దిగగానే నోరు తెరవకండి. బస్టాండులో పది నిమిషాలు ఊరికే నిలబడి కండక్టరు ప్రయాణికుల్ని ఏమంటున్నాడో, ఆటోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏమంటున్నారో చెవిన వేసుకోండి.

గోదావరి జిల్లాలైతే పని చాలా తేలిక. అండి అన్నదాన్ని పిసినారితనం లేకుండా వాడేయండి, వాక్యానికి రెండున్నా ఎవరూ లెక్కపెట్టరు, వాళ్ళే "ఆయ్, అవునండి" అని ఎదురు మర్యాద చేస్తారు. అండిలో ఉన్న గొప్పతనం ఏమిటంటే దానికి వయసు లేదు. ఏవండీ అంటే ఇరవై ఏళ్ళ పిల్ల పలుకుతుంది, డెబ్బై ఏళ్ళాయనా పలుకుతాడు. (భర్తని పిలిచే మాట కదా అని మొహమాటపడేవాళ్ళున్నారు, బజార్లో ఎవరూ అలా అనుకోరు లెండి.) అంత మంచి మాట చేతిలో పెట్టుకుని దాని ముందు ఆంటీ ఎందుకు తగిలిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కృష్ణా, గుంటూరు వైపు కూడా ఇదే నడుస్తుంది. మగవాళ్ళకైతే మాస్టారూ అనే మాట ఉంది, బడి మొహం చూడనివాడైనా సంతోషంగా తిరిగి చూస్తాడు. బాబాయ్ గారూ, పిన్నిగారూ కూడా ముద్దుగానే ఉంటాయి కానీ వాటిలో వయసు కలిసే వస్తుంది, మీకన్నా కనీసం ఇరవయ్యేళ్ళు పెద్ద అని గట్టిగా తెలిస్తేనే వాడండి.

తెలంగాణలో అన్నా, అక్కా. అంతే, ఇంకేం వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడ అన్న అంటే నాకన్నా పెద్ద అని లెక్కకట్టి అనే మాట కాదు, యాభై దాటినాయన పాతికేళ్ళ ఆటో డ్రైవర్ని "అన్నా, వస్తవా" అని అడుగుతాడు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు మొదట్లో దెబ్బతినేది క్రియల దగ్గర. "సారు వచ్చిండు" అని వినగానే ఇదేంటి, సార్ని పట్టుకుని డు అంటారు అని నొచ్చుకుంటారు. సారు అన్నప్పుడే గౌరవం ఇచ్చేశారు, ఇంకా మిగిలితే రాండ్రి, కూసోండ్రి అని బహువచనం కూడా ఉంది, చెవికి అలవాటవ్వాలి అంతే. ఒక్క మాట మాత్రం సరదాకి కూడా వద్దు, దొరా అనకండి. వెట్టిచాకిరీ రోజుల్లో "నీ బాంచన్ దొరా" అని జనం చేత అనిపించిన మాట అది, 1946లో మొదలైన సాయుధ పోరాటం ఆ బతుకు మీదే.

రాయలసీమ సంగతి వేరే. అనంతపురం వైపు ఏమప్పా, ఇంకాస్త ఇవతలికి వస్తే ఏం సామీ, చిత్తూరు వైపు నైనా. అప్పా, సామీ రెండింటికీ వయసు పట్టింపు లేదు కాబట్టి నా లెక్కలో ఇవి మంచి మాటలు. కానీ ఆ అప్పాని మూటగట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళకండి! అక్కడ అప్ప అంటే అక్క. మీసాలున్న మనిషిని అప్పా అని పిలిస్తే వీధంతా నవ్వుతుంది. ఉత్తరాంధ్రలో బావూ అనండి, విశాఖలో సమవయస్కులైతే గురూ, కాస్త పెద్దాయనైతే గురువుగారూ. ఆ ప్రాంతంలో ముసలాయన కూడా కుర్ర ఉద్యోగిని "బావూ" అంటాడు. అది విని నేనెంత చిన్నగా కనిపిస్తున్నానో అని మురిసిపోకండి, అది చిన్నవాణ్ణి పిలిచే బాబు కాదు, పాతకాలం బాబుగారిలోంచి మిగిలింది.

అవ్వ అన్న మాట కూడా ఇలాంటిదే. సీమలో అవ్వంటే నాయనమ్మో అమ్మమ్మో. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అమ్మనే అవ్వ అంటారు. కర్నూలు నుంచి వరంగల్ వచ్చిన మా సహోద్యోగి ఒకావిడని ఎవరో కూరగాయలమ్మే పిల్ల అవ్వా అంటే ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఆ పిల్ల అన్నది అమ్మా అనే.

ఏ ప్రాంతమో అంతుపట్టకపోతే ఆడవాళ్ళకి అమ్మా అన్నది చాలు. ఐదేళ్ళ పిల్లనీ అమ్మా అంటాం, ఎనభై ఏళ్ళావిడనీ అమ్మా అంటాం. కాకపోతే ముందు ఏ చేర్చకండి. ఏమ్మా, ఏమయ్యా అనగానే ఒక మెట్టు దిగినట్టు ఉంటుంది, ఏమండీ ఒక్కదానికే ఆ దోషం లేదు. ఆఫీసుల్లో మేడమ్, సార్ ఎలాగూ ఉన్నాయి. ఇక వయసు అంచనా వేసి పిలవక తప్పనప్పుడు, మీకు తోచిన మెట్టు కన్నా ఒకటి కిందిది వాడండి. తాతగారు అనిపిస్తే బాబాయ్, ఆంటీ అనిపిస్తే అక్క, పెద్దాయన అనిపిస్తే సార్. పెద్దావిడ అనే మాటైతే ఎదుట అసలు అనకండి.

ఇప్పుడు రెండో వైపు. మిమ్మల్నే అనేశారు, ఏం చేయాలి? ముందు అన్నదెవరో చూడండి. పదేళ్ళ లోపు పిల్లలు అంటే వదిలేయండి, వాళ్ళ లెక్కలో ప్రపంచంలో రెండే జాతులు, పిల్లలూ, ఆంటీ అంకుల్లూ. అసలు మంట పాతికేళ్ళవాడు అన్నప్పుడు. అది కూడా చాలావరకు బద్ధకమే, మిమ్మల్ని పరీక్షగా చూసి అన్నది కాదు. నేను చేసే పని ఒకటుంది, వెంటనే వరస కలిపేస్తా. వాడు ఆంటీ అనగానే "చెప్పు తమ్ముడూ" అంటా. తమ్ముడు అనిపించుకున్నాక ఆంటీ అనడానికి నోరు రాదు, తర్వాతి మాటకల్లా అక్కా అంటాడు. పదిమందిలో ఏడెనిమిది మంది దగ్గర పనిచేస్తుంది. ఒకడు మాత్రం "సరే ఆంటీ" అని వెళ్ళిపోయాడు, వాడి సంగతి వేరు.

రోజూ కలిసేవాళ్ళయితే ఈ తంటాలన్నీ అనవసరం, సూటిగా చెప్పేయండి, పేరు పెట్టి చివర గారు తగిలించు చాలు అని. పేరుకి గారు చేరిస్తే గౌరవం పూర్తిగా వస్తుంది, వయసు ఒక్క ఏడు కూడా రాదు. ఇలాంటి సౌకర్యం చేతిలో ఉండి కూడా అపార్ట్‌మెంట్లలో అందరం అంకుల్, ఆంటీ అంటూ బతుకుతున్నాం.

మగవాళ్ళకి ఈ బాధ లేదనుకునేదాన్ని. మా ఆయన్ని 48 ఏళ్ళప్పుడు ఒక కండక్టరు "పెద్దాయనా, ముందుకి నడు" అన్నాడు, ఇంటికొచ్చి అద్దం ముందు మీసం చూసుకున్నంతసేపు చూసుకుని మర్నాడు రంగు డబ్బా తెచ్చుకున్నారు. రైల్వేవాళ్ళు నయం, మగవాళ్ళకి 60 నిండితేగానీ కింది బెర్తు కోటా ఇవ్వరు. ఆడవాళ్ళకి 45కే ఇచ్చేస్తారు, అంటే నాకింకా మూడేళ్ళుంది. ఆ రోజు ఎవరేమని పిలిచినా పర్వాలేదు, కింది బెర్తు వస్తే చాలు.

ఇన్ని చెప్తున్నా కదా, పోయినేడు కాకినాడలో దారి తెలియక, తెల్లటి గడ్డంతో అరుగు మీద కూర్చున్న ఒకాయన్ని "తాతగారూ, పోస్టాఫీసు ఎటండీ" అని అడిగాను. ఆయన లేచి నిలబడి, చేయి చాపి మరీ చూపించాడు. "ఎడమకి తిరిగాక రెండో సందండి. ఎదురుగా కనపడిపోద్దండి. ఆయ్, నాకు యాభై ఆరేనండి."