తమ్ముడి బ్యాండ్ చూడ్డానికి క్లబ్‌కు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మనింటివాడు జూబ్లీహిల్స్ పబ్బులో గిటార్ వాయిస్తున్నాడంటే ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. ఆ హడావుడిలో మర్చిపోయేవి ఇవే.

• గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. తెలంగాణలో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు. ఇంటర్ చదివే చెల్లెల్ని గేటు దగ్గరే ఆపేస్తే ఎవరో ఒకరు ఆమెతో వెనక్కి రావాలి. ముందే ఫోన్ చేసి అడగండి.

• చెవులు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలకు మించి ఉండకూడదని అమెరికా సంస్థ నియోష్ లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే! స్పీకర్ల ముందు టేబుల్ వద్దు. సౌండ్ చూసే అబ్బాయికి దగ్గర్లో కూర్చుంటే పాట కూడా బాగా వినిపిస్తుంది. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనండి. నాన్నకు రెండు జతలు, ఒకటి ఎలాగూ పారేసుకుంటారు.

• తాగితే బండి తీయొద్దు. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసే. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

• మెట్రో చివరి రైలు వేళ చూసుకోండి.

• వాడి వంతు ఎప్పుడో వాడినే అడగండి. తొమ్మిదంటే పదిన్నర. అమ్మ మాత్రం ఇంట్లోనే అన్నం తిని బయల్దేరడం మేలు.

• పాట మధ్యలో "ఒరేయ్ చిన్నోడా!" అని అరవకండి. మావాడు ఓసారి తాళం తప్పింది ఆ పిలుపుకే.